గోడకు గాజులు

తలుపు మళ్ళీ పట్టేసింది.

పాత బిల్డింగు పై అంతస్తులో రీడింగు హాలు తలుపు అది. లోపల చదువుకుంటున్న ఆడపిల్లలు మొదట నవ్వుకున్నారు, తర్వాత తలుపు బాదారు, ఆ తర్వాత కిటికీ దగ్గరికి చేరి కింద పోయేవాళ్ళను కేకేశారు. గోడల సారు రొప్పుతూ మెట్లెక్కి వచ్చేసరికి వడ్రంగి తలుపుకు భుజం ఆనించి, ఒక కాలు వెనక గోడకు తన్నిపెట్టి, పళ్ళు బిగించి నెడుతున్నాడు. కీచుమని మొదలుపెట్టిన తలుపు ఫెళ్ళుమని తెరుచుకుంది. పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ బయటికొచ్చి, "థ్యాంక్యూ అంకుల్" అని గలగలా మెట్లు దిగిపోయారు.

గోడల సారంటే ఆ కాలేజీలో భవనాలు, స్థలం, నీళ్ళు, కరెంటు, బల్లలు, కుర్చీలు చూసుకునే ఆఫీసరు. ఆయన ఉద్యోగానికి ఆఫీసు కాగితాల్లో చాంతాడంత పేరుంది గానీ అది ఎవరి నోరూ తిరగదు. పాఠాలు చెప్పేవాళ్ళు లెక్కల సారు, కెమిస్ట్రీ మేడం అయినట్టు ఈయన గోడల సారయ్యాడు. మొదట్లో ఎవరో వెటకారానికి పెట్టారు. ఇప్పుడు ఆయనే ఫోనెత్తి, "గోడల సార్ని మాట్లాడుతున్నా" అంటాడు.

"ఇంక చిత్రిక పట్టడానికి ఇందులో చెక్క మిగల్లేదు సారూ," అన్నాడు వడ్రంగి, తలుపు అంచు మీద బొటనవేలు రాస్తూ. "పోయిన నెల ఇంత తీశాను. దానికి ముందు ఇంత. ఇంకోసారి పట్టానంటే ఇది తలుపు కాదు, పిల్లల పలకే."

"వానలకి ఉబ్బుతుంది మరి."

"ఉబ్బుతుంది. వాన పడినా ఉబ్బుతుంది, పడకపోయినా ఉబ్బుతుంది. ఏం తిండి పెడుతున్నారో దీనికి!"

గోడల సారు నవ్వాడు. నవ్వుతూనే ద్వారబంధం పైమూల వైపు చూశాడు. ఒక మూల సందు లేకుండా బిగిసి ఉంది, రెండో మూల చిటికెనవేలు దూరేంత సందుంది. ఆ సందులో వేలు పెట్టి చూశాడు. వడ్రంగిని పంపేసి మెట్లు మలుపు తిరిగే చోటికి దిగాడు.

అక్కడ గోడకు పగులుంది. కప్పు మూల నుంచి ఏటవాలుగా దిగి, మెట్ల అంచు దాకా వచ్చి ఆగింది. కిందటి వానాకాలం తర్వాత దాన్ని చూసి ఆయన ఒక పని చేశాడు. పగులుకు ఇవతల ఒక సిమెంటు ముద్ద, అవతల ఒక సిమెంటు ముద్ద పెట్టి, రెంటినీ కలుపుతూ వేలెడు గాజు ముక్క అతికించాడు. ఇలాంటివే ఆ గోడ పొడుగునా అక్కడక్కడా పెట్టాడు. గోడ కదలకపోతే గాజు అలాగే ఉంటుంది. వెంట్రుకవాసి కదిలినా పుటుక్కుమంటుంది. గోడ కంటే ముందు గాజు చెబుతుంది.

గాజులు అతికిస్తున్న రోజున వడ్రంగి మెట్ల కింద నిలబడి, "అమ్మో, సారు గోడకి గాజులు తొడిగారు! ఇంక పెళ్ళెప్పుడు?" అన్నాడు. ఆ మాట కాలేజీ అంతా పాకింది. అప్పుడే పక్కన బకెట్టు పట్టుకుని నిలబడి ఉన్న స్వీపరుతో గోడల సారు అన్నాడు, "నవ్వులాట కాదక్కా. ఇది పగిలిందంటే మన పని అయిపోయినట్టే. జాగ్రత్త." ఆమె నవ్వలేదు. సరే సారూ అని తల ఊపింది.

ఇప్పుడూ ఆమె అక్కడే ఉంది. పాత బిల్డింగు మొత్తం ఆమె పూచీ. పిల్లలకీ, ప్రిన్సిపాల్‌కీ, తనకంటే పెద్దవాడైన వాచ్‌మన్‌కీ కూడా ఆమె అక్కే. మెట్టు మెట్టుకూ తడిగుడ్డ పెట్టి వెనక్కి వెనక్కి దిగుతూ వచ్చి, సారును చూసి గోడకు ఒదిగి నిలబడింది. కళ్ళు మాత్రం ఆయన మీద లేవు, గాజు మీద ఉన్నాయి.

"పగల్లేదు కదా సారూ?"

"పగల్లేదు."

నిజంగానే పగల్లేదు. దుమ్ము కూడా లేకుండా తళతళలాడుతోంది. ఈవిడకున్న శ్రద్ధ మిగిలినవాళ్ళలో సగం మందికున్నా నా తలనొప్పి సగం తగ్గును అనుకున్నాడు గోడల సారు. ఎప్పటిలాగే కింది మెట్టు మీద నిలబడి మిగతా గాజుల వైపు తలెత్తి చూశాడు. అన్నీ చెక్కు చెదరకుండా ఉన్నాయి. తలుపుకు వానే కారణమనుకున్నాడు.

*

ప్రిన్సిపాల్ గదిలో ఫ్యాను తిరుగుతున్నా ఆయన చెమట తుడుచుకుంటున్నాడు. మేనేజ్‌మెంటు పెద్దాయనతో ఫోను మాట్లాడిన ప్రతిసారీ ఆయనకు అలాగే పడుతుంది.

"కూర్చోండి. బయటి కాలేజీల పిల్లలకి కూడా ఈసారి మన దగ్గరే పరీక్షలు వేశారు. పెద్దాయన ఒప్పేసుకున్నారు. సోమవారం నుంచి పాత బిల్డింగు పై హాలు కావాలి. బల్లలన్నీ పైకెక్కించాలి."

"పైన ఇప్పటికే పుస్తకాలున్నాయి సార్. కొత్త బ్లాకులో కంప్యూటర్లు పెట్టినప్పుడు లైబ్రరీ బీరువాలన్నీ అక్కడికే ఎక్కించాం. ఆ బరువే..."

"గోడ కదులుతోందా?"

రీడింగు హాలు తలుపు గురించి చెప్పాలని గోడల సారుకు నోటిదాకా వచ్చింది. తలుపు పట్టేసిందని పరీక్షలు ఆపమంటే ఈయన నవ్వుతాడు, ఈయన పెద్దాయనకు చెబితే ఆయన అసలే నవ్వడు.

"గాజులు పగల్లేదు సార్."

"మీ గాజులే కదా గోడ కదిలితే చెప్పేది?"

"అవును సార్."

"మరి ఇంకేంటి? మీ మాటే నా మాట. గోడ పదిలంగా ఉందని ఒక ముక్క రాసివ్వండి, నేను కింద సంతకం పెట్టి పంపిస్తాను. నా ప్రాణం కాస్త కుదుటపడుతుంది."

గోడల సారు రాసిచ్చాడు. సంతకం చివర ఎప్పుడూ ఒక గీత గీస్తాడు. ఈసారి గీయడం మర్చిపోయాడు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి వాన మొదలైంది. భార్య వంటింటి తలుపును కాలితో ఒక్కటి తన్ని మూసింది. వానాకాలం వస్తే ఆ తలుపుకు తన్నులు తప్పవు.

"నాలుగు రోజులు ఎండ కాస్తే చాలు, మళ్ళీ దారికొస్తుంది," అంది ఆమె కంచం పెడుతూ. "మీరు కాలేజీలో తలుపులన్నీ బాగు చేయిస్తారు. ఇంట్లో దానికి మాత్రం నా కాలే దిక్కు."

గోడల సారు ముద్ద కలుపుతూ ఆగిపోయాడు. ఎండ కాస్తే దారికొస్తుంది. వాన పడినా ఉబ్బుతుంది, పడకపోయినా ఉబ్బుతుంది అన్నాడు వడ్రంగి. మొదటిసారి రీడింగు హాలు తలుపుకు చిత్రిక పట్టించినప్పుడు మండే ఎండలు. చెక్కపొట్టు వడ్రంగి చెమటకు అంటుకుపోవడం తాను చూశాడు. ఎండాకాలంలో చెక్క ఎందుకు ఉబ్బుతుంది? ఉబ్బింది తలుపు కాకపోతే నొక్కుకుపోతున్నది ద్వారబంధం.

"ఏంటండీ, కూర బాలేదా?"

"బానే ఉంది."

"మరి కంచంలో ఏం వెతుకుతున్నారు?"

ఆయన వంటింటి తలుపు వంక చూశాడు. తలుపు ఒకటి చెబుతోంది, గాజు ఇంకొకటి చెబుతోంది. రెండూ నిజం కావడానికి వీల్లేదు.

పొద్దున్నే గడ్డం గీసుకుంటుంటే వెనక నుంచి భార్య మళ్ళీ అందుకుంది. "ఆ అద్దం మార్చమని చెప్పి చెప్పి నా నోరు పడిపోతోంది. వెనక పూసిన పాదరసం అంతా రాలిపోయింది. మీ ముఖం సగమే కనిపిస్తోంది."

"సగం ముఖానికే ఈ గీతలు. మొత్తం కనిపిస్తే భయపడతావు," అన్నాడాయన, తెగిన చోట నీళ్ళు అద్దుకుంటూ. ఆమె నవ్వింది. ఆయనకు ఆ పూట నవ్వించిన తృప్తి కూడా కలగలేదు.

*

ఈసారి కింది మెట్టు మీద ఆగలేదు. స్టూలు తెప్పించుకుని ఎక్కి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, గాజుకు జానెడు దూరంలో ముఖం పెట్టాడు.

గాజు మూలన ఒక వెండి చుక్క ఉంది. మెంతిగింజంత. అందులోంచి ఆయన కన్ను ఆయన్నే చూస్తోంది.

అది గాజు కాదు, అద్దం. ముఖం చూసుకునే అద్దం. వెనక రసం ఎవరో గీకేశారు. ఓపిగ్గా, ఏ బ్లేడుతోనో, మూలన ఒక్క చుక్క తప్ప మొత్తం గీకేశారు.

గోటితో ముద్దను నొక్కాడు. సిమెంటు కాదది. సున్నాలేసేవాళ్ళు గోడలకు పట్టించే లప్పం. మెత్తగా దిగింది గోరు. లప్పం పెళ్ళను ఊడదీసేసరికి కింద తాను పెట్టిన అసలు సిమెంటు ముద్ద కనిపించింది. దానిలో ఇంకా ఇరుక్కుని ఉంది తాను పెట్టిన గాజు అంచు, విరిగిన అంచు. ఇవతలి ముక్కా అవతలి ముక్కా ఒకదానికొకటి ఎదురుగా కూడా లేవు. మధ్యలో సందు. ఆయన చేతిలో అద్దం ముక్క పుటుక్కున విరిగి రెండయింది.

ముక్కలు గుప్పిట్లో పట్టుకుని స్టూలు దిగాడు.

అక్క కింద వరండాలో గుడ్డ పిండుతోంది. ఆయన చేతిలోని ముక్కలు చూడగానే గుడ్డ బకెట్టులో వదిలేసి లేచి నిలబడింది.

"అక్కా, ఈ గాజు మార్చింది ఎవరు?"

"నేనే సారూ."

"ఎందుకు మార్చావు?"

"పగిలింది సారూ." ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది, తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకుంది. "నేను పగలగొట్టలేదు, నా పిల్లల మీద ఒట్టు. గుడ్డ కూడా గట్టిగా తగలనివ్వను. దానంతట అదే పగులుతుంది. పొద్దున వచ్చేసరికి విరిగి ఉంటుంది. ఏ బ్లాకులో అద్దం పగిలితే ఆ బ్లాకువాళ్ళదే పూచీ అని మీరే కదా పెట్టారు సారూ? అందుకని పగిలినప్పుడల్లా కొత్తది పెట్టాను. ఒక్కటీ ఎగ్గొట్టలేదు."

ఆ నిబంధన ఆయనదే. కిటికీ అద్దాలు మాటిమాటికీ పగులుతున్నాయని, పిల్లలు బంతులు కొట్టి పగలగొట్టినా అడిగేవాడు లేడని, రిపేర్లకు పెద్దాయన కోత పెట్టాడని, స్వీపర్లందర్నీ వరసగా నిలబెట్టి ఆయనే చెప్పాడు. అప్పటి నుంచి అద్దాలు పగలడం తగ్గిందని మీటింగులో మెచ్చుకున్నారు కూడా. తగ్గలేదన్నమాట. చెప్పడం మానేశారు, అంతే.

"అన్నీ నువ్వే మార్చావా? గోడ పొడుగునా?"

"అన్నీ సారూ."

"ఎన్నిసార్లు?"

"లెక్కపెట్టలేదు సారూ. మొదట్లో ఎప్పుడో ఒకటి. పుస్తకాలు పైకెక్కించాక మాత్రం వారం వారం. ఈ మధ్య రోజు విడిచి రోజు. తొందరగా ఆరుతుందని లప్పం పెట్టాను. మొదట స్టోరు వెనక పారేసిన కిటికీ ముక్కలు వాడాను, అవైపోతే అద్దాల కొట్టువాణ్ణి బతిమాలాను. మొన్న వాడు విసుక్కున్నాడు. ఇంట్లో అద్దం ఉంటే తీసి రసం గీకాను. బాగా గీకలేదు కాబోలు. చెయ్యి తెగింది, అక్కడికి ఆపేశాను."

"నాకెందుకు చెప్పలేదక్కా?"

ఆమె ఆశ్చర్యంగా చూసింది.

"పగిలితే మన పని అయిపోయినట్టే అన్నారు కదా సారూ. నా పని పోతే పోయింది. మన పని అన్నారు. మీది కూడా పోతుందని భయపడ్డాను."

మన అని గోడల సారు అన్నది పైన గోడ, కింద మనుషులు అన్న అర్థంలో. పడితే అందరి పనీ అయిపోతుందని. ఆ మాట ఈమె చెవిన పడి, ఇన్నాళ్ళూ ఈమె చేత గాజులు కోయించింది. తన ఉద్యోగాన్ని ఆమె ఇంటి అద్దం పెట్టి కాపాడుకొచ్చింది ఈ మనిషి.

పైనుంచి కుర్చీ జరిపిన చప్పుడైంది. పిల్లలు. పై హాల్లో పిల్లలున్నారు.

ఆ తర్వాత ఆయన పరుగెత్తిన పరుగు ఆ కాలేజీలో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. "అందరూ కిందికి! పుస్తకాలు వదిలేయండి, కిందికి!" అని అరుస్తుంటే పిల్లలు ఏదో పోటీ అనుకుని నవ్వారు. లైబ్రేరియన్ చెప్పులు వెతుక్కుంటుంటే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. చివరి పిల్ల దిగాక కింద మెట్ల దగ్గరి ఇనుప గ్రిల్లు మూసి తాళం వేసి, తాళం చెవి జేబులో పెట్టుకున్నాడు.

ప్రిన్సిపాల్ ఆవరణలోకి వచ్చేసరికి జనం పోగయ్యారు.

"ఏంటిది? సోమవారం పరీక్షలు పెట్టుకుని! నిన్నే కదా బాగుందని రాసిచ్చారు?"

"గోడ కదులుతోంది సార్. నెలల నుంచి కదులుతోంది."

"గాజులు పగల్లేదన్నారు!"

"పగిలాయి సార్. అన్నీ పగిలాయి. స్వీపరు మార్చేసింది."

నమ్మించడానికి ఆయన దగ్గర అంతకంటే వేరే సాక్ష్యం లేదు. ఆ క్షణంలో ఆయన ఇంకేమీ ఆలోచించలేదు. ప్రిన్సిపాల్ తాళం వంక, గోడ వంక, జనంలో వెనగ్గా బకెట్టు పట్టుకుని నిలబడ్డ అక్క వంక చూశాడు. బిల్డింగు మూసే ఉంచమన్నాడు.

*

మర్నాడు మధ్యాహ్నం కుండపోతగా వాన కురుస్తుండగా పాత బిల్డింగు మెట్ల వైపు గోడ కూలిపోయింది.

గోడల సారు అప్పుడు కొత్త బ్లాకు వరండాలో ఉన్నాడు. లారీలోంచి కంకర గుమ్మరించినట్టు చప్పుడైంది, అంతే. తర్వాత చూస్తే మెట్లు లేవు. పై హాలు ఒక పక్క తెరుచుకుని, లోపల బీరువాలు వరసగా నిలబడి కనిపించాయి. ఒకటి నెమ్మదిగా ముందుకు వాలి, పుస్తకాలన్నీ కక్కి, కింద పడింది. రీడింగు హాలు తలుపు ద్వారబంధంతో సహా వేలాడుతోంది. ఆ హాల్లో రోజూ కూర్చునే పిల్ల ఒకతి ఉన్నట్టుండి భోరుమంది.

ఆ పూట గోడల సార్ని మోసినంత పని చేశారు. లెక్కల సారు కౌగిలించుకున్నాడు. కొందరు పిల్లల తల్లిదండ్రులు వెతుక్కుంటూ వచ్చి చేతులు పట్టుకున్నారు. పెద్దాయన ఫోను చేసి, మీలాంటివాడు ఉండబట్టే బతికిపోయాం అన్నాడు. ఇంట్లో భార్య ఆయన్ను చూడగానే చేతిలో గరిటెతోనే గుమ్మంలోకి వచ్చింది. "ఎంతమంది ప్రాణాలు కాపాడారండీ," అంది. ఆయన చెప్పులు విప్పుతూ, "నేను కాదు," అన్నాడు. ఆమె దాన్ని వినయమనుకుంది.

పొగడ్తలు ఒక్క పూట నిలిచాయి. తర్వాతి రోజు ప్రిన్సిపాల్ కబురు పెట్టాడు. తలుపు దగ్గరికి వేయమన్నాడు.

"పెద్దాయన ఇప్పుడు ఇంకో ప్రశ్న అడుగుతున్నారు. బాగుందని రాసిచ్చిన గోడ మూడో రోజుకే ఎలా పడిందని. ఆ కాగితం మీద మీ సంతకం ఉంది, నా సంతకం ఉంది." ఆయన చెమట తుడుచుకున్నాడు. "ఇద్దరం పోవాలా?"

గోడల సారు ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

"మనం ఏమీ కల్పించక్కర్లేదు. ఉన్నది ఉన్నట్టు చెబితే చాలు. గోడకి మీరు గాజులు పెట్టారు. అవి పగిలాయి. పగిలినట్టు తెలియకుండా స్వీపరు మార్చేసింది. అందువల్ల మీరు మోసపోయారు, మీ మాట మీద నేను మోసపోయాను. ఇందులో ఒక్క అబద్ధం ఉందా?"

"లేదు సార్."

"మరి?"

"ఆవిడకి తెలియదు సార్. ఆ గాజు దేనికో ఆవిడకి తెలియదు."

ప్రిన్సిపాల్ కుర్చీలో ముందుకు జరిగాడు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "చెప్పలేదా మీరు?"

కిటికీలోంచి కూలిన గోడ కనిపిస్తోంది. మనుషులు గమేళాలతో రాళ్ళెత్తుతున్నారు. వరసలో అక్క కూడా ఉంది. ఎవరు రమ్మన్నారో, తనంతట తానే వచ్చిందో. తన బ్లాకు కదా. నెత్తి మీద గుడ్డ చుట్టుకుని, రాయి అందుకుని, పక్కవాళ్ళకు అందిస్తోంది.

చెప్పలేదు సార్ అనాలి. పగిలితే మన పని అయిపోతుందని బెదిరించాను తప్ప, ఎందుకు పెట్టానో చెప్పలేదు. పగిలితే చెప్పమని అసలే చెప్పలేదు. పగిలితే వాళ్ళదే పూచీ అని మాత్రం వరసగా నిలబెట్టి చెప్పాను. ఇవన్నీ గోడల సారు గొంతు దాకా వచ్చాయి. ఇంటి అప్పు, రిటైరవడానికి మిగిలిన కాస్త కాలం, నిన్న పిల్లల తండ్రులు పట్టుకున్న చేతులు కూడా వచ్చాయి. అవే బరువనిపించాయి.

"చెప్పాను సార్," అన్నాడు.

"చెప్పినా మార్చిందంటే ఇంక మనమేం చేస్తాం," అని ప్రిన్సిపాల్ బెల్లు నొక్కాడు.

*

అక్క సామాన్లు అప్పజెప్పడానికి స్టోరు గదికి వచ్చింది. చీపుళ్ళు రెండు, బకెట్టు, మాపు కర్ర, తాళం చెవుల గుత్తి. బకెట్టు లోపల కూడా తోమి తెచ్చింది. గోడల సారు అన్నీ చూడకుండానే, "సరిపోయాయి" అన్నాడు.

"ఇంకోటుంది సారూ."

కొంగు ముడి విప్పి కాగితం పొట్లం తీసింది. అందులో వేలెడు గాజు ముక్క. అంచులు నున్నగా అరగదీసి ఉంది.

"ఆ రోజు మీ చేతిలో విరిగింది కదా, దానికి బదులు. అద్దాల కొట్టువాడు ఈసారి ఊరికే ఇచ్చాడు. పని పోయిందని చెప్పాను లెండి."

"అక్కా, అది అక్కర్లేదు. గోడే లేదు కదా."

"గోడ సంగతి మీరు చూసుకుంటారు. నా బ్లాకులో పగిలింది నా పూచీయే కదా. తర్వాత ఎవరూ మాట అనకూడదు." ముక్కను బల్ల మీద, ఆయన కలం పక్కన పెట్టింది. వెళ్ళబోయి గుమ్మం దగ్గర ఆగింది. "సారూ, మీ పని ఉంది కదా?"

ఆయన తలెత్తలేకపోయాడు. "ఉంది."

"అమ్మయ్య." ఆమె మనస్ఫూర్తిగా అంది. అందులో ఎత్తిపొడుపు ఉందేమోనని ఆయన వెతికాడు, ఉంటే బాగుండునని కోరుకున్నాడు, దొరకలేదు. "మన పని అన్నారు కదా, ఇద్దరిదీ పోతుందనే బెంగపెట్టుకున్నాను. సగమే పోయింది."

చెప్పులు బయట విడిచినట్టుంది, అడుగుల చప్పుడు వినబడలేదు. ఆయన తేరుకుని గుమ్మంలోకి వచ్చేసరికి ఆమె గేటు దాకా వెళ్ళిపోయింది. పిలవాలనుకున్నాడు. ఏమని పిలవాలో తెలియలేదు. అక్కా అనే ముఖం లేదు.

వానలు తగ్గాక కొత్త బ్లాకు కంప్యూటర్ల గది వెనక గోడకు సన్నటి పగులు కనబడింది. గోడల సారు సిమెంటు కలిపించి, స్టూలెక్కి, ముద్దలు పెట్టాడు. గాజు కోసం సొరుగులో చెయ్యి పెడితే అక్క ఇచ్చిన ముక్కే చేతికి తగిలింది. కాసేపు పట్టుకుని, దాన్నే అతికించాడు. వడ్రంగి పక్కనే ఉన్నాడు గానీ ఈసారి గాజుల మాట ఎత్తలేదు.

ఆ బ్లాకు స్వీపరు పడుచుపిల్ల, కొత్తగా చేరింది. గోడల సారు స్టూలు దిగి, ఆ అమ్మాయిని దగ్గరికి పిలిచి, మాట మాటా విడదీసి చెప్పాడు. "చూడమ్మా, ఇది పగలడానికే పెట్టింది. పగిలితే మంచిదే. పగిలిన వెంటనే పరుగెత్తుకొచ్చి నాకు చెప్పు. నిన్నెవరూ ఏమీ అనరు. కొత్తది కొనక్కర్లేదు, నీ పూచీ ఏమీ లేదు. ఆ నిబంధన కూడా తీసేశాను. అర్థమైందా?"

ఆ అమ్మాయి గాజు వంక చూసింది. పాత బిల్డింగు ఉండే చోట కనిపిస్తున్న ఖాళీ వంక చూసింది. అక్క ఎందుకు పోయిందో కాలేజీలో తెలియనివాళ్ళు లేరు.

"అర్థమైంది సారూ," అంది చేతులు కట్టుకుని. "పగలనివ్వను."